మాంటెరీ అఖాతంలో తిమింగలాల పడవ: టికెట్ డబ్బుకు దక్కేదేమిటి

కాలిఫోర్నియా బే ఏరియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు చూపించవలసిన చోట్ల వరుస దాదాపు ఖాయమై ఉంటుంది. గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ శివవిష్ణు ఆలయం, ఓపిక ఉంటే యోసెమిటీ, వారాంతం ఖాళీ దొరికితే మాంటెరీ. మాంటెరీ వెళ్ళినవారిలో ఎక్కువమంది 1984లో తెరిచిన అక్వేరియాన్ని చూసి, సెవెన్టీన్ మైల్ డ్రైవ్‌లో ఫోటోలు దిగి, తిరుగుదారిలో గిల్‌రాయ్ అవుట్‌లెట్ దుకాణాల దగ్గర ఆగి, చీకటి పడేసరికి ఇల్లు చేరుకుంటారు. అదే ఊరి రేవు నుంచి బయలుదేరే తిమింగలాల పడవ ఎక్కేవారు తక్కువ. టికెట్ ధర, వాంతుల భయం, ఇంతా చేసి ఏమీ కనిపించకపోతే ఎలా అన్న అనుమానం ఇందుకు కారణాలు. వీటిలో మొదటి రెండూ నిజమైన ఇబ్బందులేననీ, మూడోది మాత్రం ఈ అఖాతం విషయంలో చాలావరకు అక్కరలేని అనుమానమనీ సెప్టెంబరులో మా అమ్మానాన్నలతో కలిసి వెళ్ళివచ్చాక నా అభిప్రాయం. మేము ఎక్కిన పడవ ఏ సంస్థదో ఇక్కడ రాయడం లేదు. రేవులో పక్కపక్కనే పలు సంస్థల బుకింగ్ గదులు ఉంటాయి, ధరలూ వేళలూ దాదాపు ఒకటే. వాటిలో ఏది ఎక్కాలో తేల్చుకోవడానికి పనికొచ్చే సంగతులే ఈ సమీక్షలో ఎక్కువగా ఉంటాయి.

ఈ అఖాతంలో తిమింగలాలు ఇంత నమ్మకంగా కనిపించడానికి కారణం నీటి అడుగున ఉంది. మాంటెరీకి ఉత్తరాన మాస్ లాండింగ్ అనే చిన్న రేవు ఉంది. దాని ముఖద్వారం ఎదుటినుంచే మాంటెరీ కాన్యన్ అనే సముద్రగర్భ లోయ మొదలై, పడమరగా సుమారు 470 కిలోమీటర్ల దూరం సాగుతుంది. ఒడ్డు నుంచి కొద్ది మైళ్ళు వెళ్ళేసరికే పడవ కింద నీరు వందల మీటర్ల లోతుకు చేరుతుంది. ఇంకా ముందుకు పోతే లోతు 3 కిలోమీటర్లను మించిపోతుంది. వసంతం నుంచి వేసవి దాకా తీరం వెంబడి వీచే వాయవ్యపు గాలులు, భూభ్రమణ ప్రభావం తోడై, పైనీటిని తీరానికి దూరంగా నెట్టివేస్తాయి. ఆ చోటులోకి అడుగునుంచి చల్లగా, పోషకాలతో నిండిన నీరు ఉబికివస్తుంది. దానికి ఎండ తగలగానే కంటికి కనిపించని సూక్ష్మ వృక్షజాతి విపరీతంగా పెరుగుతుంది. దాన్ని తినడానికి క్రిల్ అనే చిన్న రొయ్యజాతి ప్రాణులూ చిన్న చేపలూ, వాటిని తినడానికి తిమింగలాలూ డాల్ఫిన్లూ పక్షులూ చేరుకుంటాయి. ఇక్కడి పడవలు తిమింగలాలను వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కరలేదు. అవి భోజనానికి వచ్చే చోటు రేవుకు అంత దగ్గరగా ఉంది. 1992లో ఈ సముద్రాన్ని జాతీయ సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు, కనుక ఇందులో చమురు తవ్వకాలు నిషిద్ధం.

ఏ నెలలో ఏ తిమింగలం కనిపిస్తుందో తెలుసుకోకుండా టికెట్ కొంటే ఆశ ఒకటి, దక్కేది మరొకటి అవుతుంది. డిసెంబరు నుంచి మే వరకు కనిపించేవి ప్రధానంగా గ్రే తిమింగలాలు. ఆర్కిటిక్ ప్రాంతపు సముద్రాల్లో మేత ముగించుకుని, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా మడుగులకు పిల్లలను కనడానికి వెళుతూ, మళ్ళీ వసంతంలో పిల్లలతో ఉత్తరానికి తిరిగివస్తూ, ఈ తీరానికి ఆనుకుని ఈదుతాయి. వీటి రాకపోకల దూరం ఏడాదికి 16,000 కిలోమీటర్లకు పైమాటే. 2016 ప్రాంతంలో దాదాపు 27,000గా లెక్కతేలిన వీటి సంఖ్య 2019 నుంచి బాగా పడిపోయింది. ఆర్కిటిక్‌లో మేత దొరకడంలో వచ్చిన మార్పే దీనికి ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఏప్రిల్, మే నెలల్లో గ్రే తిమింగలాల తల్లులు పిల్లలతో ఈ లోయను దాటే సమయానికి, ఆ పిల్లల కోసం ఓర్కాలు (కిల్లర్ వేల్స్) కాపు వేస్తాయి. ఆ వేట చూసినవారు జీవితాంతం చెప్పుకుంటారన్నది నిజమే గాని, దాన్ని చూడటానికి గట్టి గుండె కావాలి, పైగా ఓర్కాలు కనిపిస్తాయన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. హంప్‌బ్యాక్ తిమింగలాలు ఇంచుమించు ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఉంటాయి. నీలి తిమింగలాలు జులై నుంచి అక్టోబరు మధ్య, క్రిల్ బాగా ఉన్న సంవత్సరాల్లో వస్తాయి, లేని సంవత్సరాల్లో ముఖం చాటేస్తాయి.

మన పెద్దవాళ్ళు ఎక్కువగా మే, అక్టోబరు నెలల మధ్యే వస్తారు కాబట్టి వారికి హంప్‌బ్యాక్‌లే అందుబాటులో ఉండే తిమింగలాలు. ఆ కాలంలోనూ జూన్, జులై నెలలు నా ఉద్దేశంలో అంత మంచివి కావు. అఖాతమంతా తెల్లటి పొగమంచు కమ్ముకుని ఉంటుంది, గాలి కోస్తుంది, ఇండియా నుంచి వచ్చినవారు వేసవి అంటే ఇదా అని ఆశ్చర్యపోతారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో మంచు విడిపోతుంది, సముద్రం కొంత శాంతిస్తుంది. ఏ నెలలో వెళ్ళినా ఉదయం పూట మొదటి పడవే ఎక్కాలి. మధ్యాహ్నం అయ్యేసరికి గాలి లేచి, అలల మీద తెల్లటి నురగలు మొదలవుతాయి. అప్పుడు పడవ ఊగడం ఒక ఇబ్బంది అయితే, ఆ నురగల మధ్య తిమింగలం చిమ్మే ఆవిరిని పోల్చుకోలేకపోవడం అంతకంటే పెద్ద ఇబ్బంది.

ఖర్చు సంగతి. పెద్దవారి టికెట్ 70, 80 డాలర్ల మధ్య పడింది. పిల్లలకు కొంత తక్కువ. దీనికి ఆన్‌లైన్ బుకింగ్ రుసుము, రేవు పక్కన పార్కింగ్, చివర్లో సిబ్బందికి ఇచ్చే టిప్పు కలుస్తాయి. నలుగురున్న కుటుంబానికి లెక్క వేసుకుంటే చిన్న మొత్తం కాదు. మూడు నుంచి నాలుగు గంటల ప్రయాణం. పెద్ద పడవల్లో కింద అద్దాల గది, పై అంతస్తు, టాయిలెట్, కాఫీ, చిప్స్ అమ్మే చిన్న కౌంటరు ఉంటాయి. గాలి నింపిన రబ్బరు అంచులతో, వేగంగా పోయే చిన్న పడవలు కూడా కొందరు నడుపుతారు. వాటిలో నీటిమట్టానికి దగ్గరగా కూర్చుంటాం గనుక దృశ్యం గొప్పగా ఉంటుందని చెబుతారు, కాని ప్రతి అల దెబ్బా నడుముకు తగులుతుంది, టాయిలెట్ ఉండదు. అరవై దాటినవారినీ వెన్నునొప్పి ఉన్నవారినీ గర్భిణులనీ ఆ పడవల్లో ఎక్కించకూడదు. డబ్బుకు తగ్గ విలువ దక్కడానికి చూడవలసింది పడవ పరిమాణం కాదు, పడవ మీద నేచురలిస్ట్, అంటే సముద్ర జీవులను గుర్తించి వివరించే మనిషి, ఉన్నారా లేరా అన్నది. ఆ మాట తరువాత వివరంగా చెబుతాను.

వాంతుల విషయంలో మొహమాటం పనికిరాదు. కారులో ఘాట్ రోడ్డు మీద కళ్ళు తిరిగే అలవాటున్న ఎవరికైనా ఈ సముద్రం మీద తప్పకుండా తిరుగుతాయి. పసిఫిక్ నుంచి వచ్చే పొడవాటి అలలు ఎండ కాసిన రోజున కూడా ఆగవు. మందు పడవ ఎక్కాక కాదు, బయలుదేరడానికి కనీసం గంట ముందే వేసుకోవాలి. ఇక్కడి దుకాణాల్లో చీటీ లేకుండా దొరికే డ్రామమైన్, బోనీన్ గాని, ఇండియా నుంచి వచ్చేవారు బస్సు ప్రయాణాలకు తెచ్చుకునే అవోమిన్ గాని ఇందుకు వాడేవే. రక్తపోటుకో మరి దేనికో రోజూ మాత్రలు మింగే పెద్దవాళ్ళు డాక్టరును అడిగి వేసుకోవడం మేలు, ఎందుకంటే వీటిలో చాలావాటికి మత్తు కలిగించే గుణం ఉంది. ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు, నెయ్యి కారే పెసరట్టు ఉప్మా తిని కూడా వెళ్ళకూడదు. రెండు ఇడ్లీలు చాలు. పడవలో వెనకభాగం మధ్యన ఊపు తక్కువగా ఉంటుంది గాని డీజిల్ వాసన అక్కడే ఎక్కువ. పై అంతస్తులో చూపు బాగా ఆనుతుంది, ఊపు మాత్రం రెట్టింపవుతుంది. అద్దాల గదిలోకి వెళ్ళి తల దించుకుని ఫోను చూసేవారికి ముందుగా వికారం మొదలవుతుందని మా పడవలోనే స్పష్టంగా తెలిసింది. బయట నిలబడి, దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండటమే నయం.

రేవు దాటుతూ ఉండగానే సగం టికెట్ విలువ చేతికందుతుంది. కోస్ట్ గార్డ్ జెట్టీకి ఆనుకుని ఉన్న రాతి అడ్డుకట్ట మీద వందల కొద్దీ సీ లయన్లు (సముద్ర సింహాలు) ఒకదాని మీద ఒకటి పడుకుని, మొరుగుతూ, తోసుకుంటూ ఉంటాయి. వాటి వాసన వాటికంటే ముందు వస్తుంది. చేపల మార్కెట్టు వాసనకు అలవాటు పడిన మా నాన్నగారు కూడా జేబురుమాలు తీశారు. కెప్టెన్ అక్కడ కొద్ది నిమిషాలు ఇంజను తగ్గించి, మగవాటికి నుదుటి మీద ఉండే ఎత్తైన గడ్డను చూపించే వ్యవధి ఇచ్చారు. ఆ కట్ట దాటగానే కెల్ప్ అనే పొడవైన సముద్రపు నాచు తేలియాడే చోట సీ ఓటర్లు కనిపించాయి. మన కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్కలకు ఇవి దాయాదులు, అయితే ఇవి దాదాపు బతుకంతా సముద్రంలోనే గడుపుతాయి. చర్మం కింద తిమింగలాలకు ఉన్నట్టు కొవ్వు పొర లేకపోవడంతో, చలినుంచి కాపాడేది వాటి బొచ్చు ఒక్కటే. జంతువులన్నిటిలోకీ దట్టమైన బొచ్చు ఇదే. ఆ బొచ్చు కోసమే వీటిని దాదాపు తుడిచిపెట్టేశారు. 1911లో వేటను ఆపుతూ ఒప్పందం కుదిరేనాటికి కాలిఫోర్నియాలో ఇవి అంతరించాయనే అనుకున్నారు. 1938లో బిగ్ సర్ తీరాన చిన్న గుంపు ఒకటి కనబడటంతో అవి మిగిలే ఉన్నాయని లోకానికి తెలిసింది. ఇప్పుడు ఈ తీరంలో ఉన్న సుమారు 3,000 ఓటర్లూ ఆ మిగిలినవాటి సంతతే. మేము చూసినదాన్ని దగ్గరగా చెప్పాలంటే, అది వెల్లకిలా పడుకుని, పొట్ట మీద ఒక రాయి పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకున్న గుల్లను ఆ రాతి మీద టకటకా కొట్టింది. మధ్యలో ఆగి, పక్కకు ఒక దొర్లు దొర్లి, పొట్ట మీది పెంకుముక్కలను నీళ్ళలో కడిగేసుకుని, మళ్ళీ అదే రాయి అదే చోట పెట్టుకుని పని కొనసాగించింది. మా అమ్మ ఇంటికి వచ్చాక ఫోనులో అందరికీ చెప్పింది తిమింగలం గురించి కాదు, దీని గురించే.

అక్కడినుంచి అరగంటకు పైగా నీరు తప్ప మరేమీ లేదు. ఈ భాగాన్ని సంస్థల ప్రకటనలు చెప్పవు. చాలామంది ఈ సమయంలోనే విసుగుపడి లోపలికి వెళ్ళిపోతారు. సముద్రపక్షుల మీద కొంచెమైనా ఆసక్తి ఉన్నవారికి మాత్రం ఇదే మంచి వేళ. వేసవిలో న్యూజిలాండ్ వైపునుంచి వచ్చే సూటీ షియర్‌వాటర్ పక్షులు రెక్క కదపకుండా నీటిని ఒరుసుకుంటూ బారులు తీరి పోతాయి. హవాయి దీవుల్లో గూళ్ళు కట్టే నల్లపాదాల ఆల్బట్రాస్ ఒకటి మా పడవకు అడ్డంగా వచ్చి, రెక్కలు విప్పినప్పుడు వాటి పొడవు చూసి పక్కనున్నవారు అది విమానమా అన్నారు. మోలా మోలా అనే సూర్యచేప ఒకటి నీటి మీద పక్కకు వాలి పడుకుని, ఒక రెక్కను గాలిలో ఊపుతూ కనిపించింది. తోక తెగిపోయినట్టుండే ఆ ఆకారం దానికి సహజమైనదే. ఆ తరువాత రిస్సో డాల్ఫిన్ల గుంపు వచ్చింది. ఇవి చిన్నవయసులో ముదురు బూడిదరంగులో ఉండి, తమలో తాము పళ్ళతో గీరుకోవడం వల్లా, మేతకు వేటాడే స్క్విడ్‌ల వల్లా ఒంటినిండా తెల్లటి చారలు పడి, వయసు మళ్ళేసరికి బలపంతో అడ్డదిడ్డంగా గీసిన పలకలాగా తయారవుతాయి. చూడటానికి వచ్చినవి తిమింగలాలే అయినా, అఖాతంలో ఏడాది పొడవునా కనిపించే ఈ డాల్ఫిన్లను తక్కువ చేయనక్కరలేదు.

మొదటి హంప్‌బ్యాక్‌ను కనిపెట్టింది నేచురలిస్ట్‌గా వచ్చిన సముద్ర జీవశాస్త్ర విద్యార్థిని. దూరాన మూడు మీటర్ల ఎత్తున పొదలా లేచి, గాలికి చెదిరిపోయిన ఆవిరిని ఆమె చూపించేదాకా మాలో ఎవరికీ తెలియలేదు. గడియారం ముల్లు లెక్కన దిక్కు చెప్పడం ఈ పడవల మీద ఆచారం: పడవ ముక్కు పన్నెండు, కుడిచేయి మూడు. ఈ పద్ధతి పెద్దవాళ్ళకు ఎక్కేముందే వివరించి ఉంచితే, అందరూ ఒకవైపు పరుగెత్తి తీరా చేరేసరికి తిమింగలం మునిగిపోయే అవస్థ తప్పుతుంది. హంప్‌బ్యాక్ సాధారణంగా పైకి వచ్చి నాలుగైదు సార్లు ఊపిరి తీసుకుని, వీపును విల్లుగా వంచి, తోక పైకెత్తి మునిగితే మళ్ళీ కొన్ని నిమిషాల దాకా రాదు. ఆ తోక అడుగుభాగంలోని నలుపు, తెలుపు మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ఆ మచ్చల ఫోటోలను పోల్చే హ్యాపీవేల్ అనే వెబ్‌సైటు ఒకటి ఉంది. ప్రయాణికులు తీసిన ఫోటోలను కూడా అది స్వీకరిస్తుంది, ఆ తిమింగలం అంతకుముందు ఎక్కడెక్కడ కనిపించిందో చెబుతుంది. ఇక్కడ వేసవిలో మేసే హంప్‌బ్యాక్‌లు చలికాలంలో మెక్సికో, మధ్య అమెరికా తీరాలకు వెళ్ళి అక్కడ పిల్లలను కంటాయని తెలిసింది ఇటువంటి పోలికల సాయంతోనే.

కాసేపటికి సీ లయన్లు గుంపుగా ఒకేచోట ఎగిరి దూకడం, పక్షులు ఆ చోటికే కిందికి పడటం మొదలైంది. పడవ యంత్రపు తెర మీద నీటిలో దట్టమైన చేపల గుంపు కనిపిస్తోందని, అవి ఆంకోవీలని ఆ అమ్మాయి మైకులో చెప్పింది. ఆంకోవీ అంటే ఏమిటని నాన్నగారు అడిగితే ఫోనులో బొమ్మ చూపించాను. బందరులో పుట్టి పెరిగిన మనిషికి ఆ పైన వివరణ అవసరం లేకపోయింది. "ఇవి మన నెత్తళ్ళే కదమ్మా! ఇంత జంతువు నెత్తళ్ళు తిని బతుకుతుందా?" అన్నారు. జాతి వేరుగాని కుటుంబం అదే. నలభై అడుగులు దాటిన శరీరం వేలెడు చేపలతో ఎలా నిండుతుందో మరుక్షణమే ఎదుట జరిగింది. నీళ్ళు ఒక్కసారి ఉబికి, రెండు తిమింగలాలు నోళ్ళు తెరిచి నిలువుగా పైకి లేచాయి. గొంతు కింది మడతలన్నీ విచ్చుకుని, నోటినిండా నీళ్ళూ చేపలూ నిండి, పై దవడకు వేలాడే బలీన్ అనే కుచ్చులాంటి పొర గుండా నీరు బయటికి జారిపోవడం కంటికి ఆనింది. నోటి అంచుల మీదినుంచి కొన్ని చేపలు వెండిరంగులో మెరుస్తూ తప్పించుకుని పడ్డాయి, వాటిని పక్షులు నీళ్ళు తాకకముందే అందుకున్నాయి. ఇదంతా నాలుగైదు క్షణాలు. గాలి మావైపు తిరిగినప్పుడు వాటి ఊపిరి వాసన పడవంతా కమ్ముకుంది. కుళ్ళిన చేపా ఉడికించిన క్యాబేజీ కలిసిన ఆ దుర్వాసన గురించి ఏ ప్రకటనలోనూ ఉండదు.

ఈ సమీక్షలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. పడవ ఎంత దగ్గరికి తీసుకువెళ్ళిందన్న దాన్నిబట్టి సంస్థలకు మార్కులు వేయడం మనవారిలో తరచుగా కనిపిస్తుంది. అది తలకిందుల కొలత. అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం తిమింగలాలను వేధించడం నేరం. వాటికి 100 గజాలు, అంటే దాదాపు 90 మీటర్లు, దూరంగా ఉండాలన్నది ఈ తీరంలో పాటించవలసిన మార్గదర్శకం. మా కెప్టెన్ మేత జరుగుతున్న చోటికి చాలా ముందుగానే వేగం తగ్గించి, పక్కనుంచి సమాంతరంగా నడిపి, ఆపైన ఇంజనును న్యూట్రల్‌లో ఉంచి ఆగిపోయారు. ఆగడం వల్లనే మాకు తిమింగలాల ఊపిరి చప్పుడు వినిపించింది. వాటిలో ఒకటి తనంత తానుగా దగ్గరికి వచ్చి, పడవకు కొద్ది దూరంలో పక్కకు ఒరిగి, తన ఒంటి పొడవులో మూడో వంతు ఉండే చేతిరెక్కను నీటి పైకి ఎత్తి కొట్టింది. అదే సమయంలో మరొక సంస్థ పడవ ఒకటి వేగంగా వచ్చి, మేస్తున్న గుంపుకు అడ్డంగా ఆగింది. ఆ పడవలోనివారికి ఫోటోలు బాగానే వచ్చి ఉంటాయి. తిమింగలాలు మాత్రం మునిగి, చాలాసేపటి తరువాత అల్లంత దూరాన తేలాయి, సీ లయన్లు చెదిరిపోయాయి, ఆ చోట మేత ముగిసింది. మా కెప్టెన్ మైకులో ఒక్కమాట కూడా అనకుండా పడవను తిప్పారు. బుక్ చేసుకునే ముందు ఇతరులు రాసిన అభిప్రాయాల్లో "చేతికందేంత దగ్గరికి తీసుకెళ్ళారు" అన్న పొగడ్త పదేపదే కనిపించే సంస్థను నేనైతే వదిలేస్తాను.

నేచురలిస్ట్ సంగతి కూడా దీనికి ముడిపడినదే. తిమింగలం నీటి పైన ఉండేది ప్రయాణంలో చాలా తక్కువ భాగం. మిగిలిన కాలాన్ని ఆసక్తిగా మార్చగలిగేది తెలిసిన మనిషి మాటే. ఆ అమ్మాయి కంఠస్థం చేసిన ఉపన్యాసం అప్పగించలేదు. ఎదుట కనిపించినదాన్ని బట్టి మాట్లాడింది, తెలియనిచోట తెలియదంది. 1850ల నుంచి ఇదే మాంటెరీలో పోర్చుగీసు వేటగాళ్ళు చిన్న పడవల్లో వెళ్ళి తిమింగలాలను చంపి నూనె తీసేవారనీ, ఊరిలో ఒక పాత ఇంటి ముందు కాలిబాటను తిమింగలాల వెన్నుపూసలతో పరిచిన గుర్తు ఇప్పటికీ ఉందనీ, మాస్ లాండింగ్‌లో 1919లో ఆధునిక వేట కేంద్రమే వెలసిందనీ చెప్పి, రేవుకు తిరిగివచ్చాక ఆ ఇల్లు ఎక్కడుందో దారి కూడా చూపించింది. ఇప్పటి ప్రమాదాలు వేరు. డంజెనెస్ పీతల బోనులకు కట్టే తాళ్ళలో తిమింగలాలు చిక్కుకుంటున్నాయి. 2015, 2016 సంవత్సరాల్లో సముద్రం అసాధారణంగా వేడెక్కినప్పుడు మేత తీరానికి దగ్గరగా జరగడంతో ఈ ఘటనలు బాగా పెరిగాయి, అప్పటినుంచి తిమింగలాలు ఎక్కువగా ఉన్నప్పుడు పీతల సీజనును ఆలస్యం చేస్తున్నారు. ఓడలు తిమింగలాలను ఢీకొనడం మరో ప్రమాదం, పెద్ద ఓడలను 10 నాట్ల (గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల) వేగానికి తగ్గించమని కోరడం అందుకే.

లోపాలు లేవని కాదు. వెనక డెక్ మీద స్పీకరు గరగరలాడటంతో అక్కడున్నవారికి ఇంత మంచి వివరణలో సగం అందలేదు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పెద్దవాళ్ళకు ఆ గాలిలో, ఆ యాసలో ఏమీ అర్థం కాదు, కాబట్టి పక్కనే ఒకరు ఉండి తెలుగులో చెబుతూ ఉండాలి. పడవకు అనుమతి ఉన్న మేరకే జనాన్ని ఎక్కించినా, చట్టం ఒప్పుకునే సంఖ్యకూ రెయిలింగు దగ్గర నిలబడగలిగే సంఖ్యకూ చాలా తేడా ఉంది. పొట్టివాళ్ళూ పిల్లలూ వెనకబడిపోయారు, సిబ్బంది జోక్యం చేసుకుని ముందుకు పంపవలసింది, పంపలేదు. వారాంతం కాకుండా మధ్య రోజుల్లో వెళితే ఈ రద్దీ తగ్గుతుంది. "తిమింగలం కనిపించకపోతే మరో ప్రయాణం ఉచితం" అన్న హామీని చాలా సంస్థలు ఇస్తాయి. చదివేటప్పుడు డబ్బు తిరిగివస్తుందన్న భావన కలుగుతుంది గాని, దక్కేది మరో టికెట్టే. ఒకే ఒక్క తిమింగలం ఒకే ఒక్కసారి మైలు దూరాన ఊపిరి చిమ్మినా హామీ తీరిపోయినట్టే. రెండు వారాల్లో విమానం ఎక్కి వెళ్ళిపోయే అతిథులకు ఆ రెండో టికెట్ ఎందుకూ కొరగాదు. గాలి వల్ల సంస్థే ప్రయాణాన్ని రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇవ్వడం మామూలే, కాని మనమే రాలేకపోతే ఇచ్చే గడువు ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది. బుకింగ్ ముందు ఆ నిబంధన చదవాలి, బయలుదేరే ముందురోజు గాలి అంచనా చూసుకోవాలి.

బట్టల గురించి ఎంత చెప్పినా మనవాళ్ళు నమ్మరు. శాన్ హోసేలో 30 డిగ్రీల ఎండ ఉన్నరోజే ఈ నీటి మీద దవడలు కొట్టుకుంటాయి. స్వెట్టరు, దాని మీద గాలి చొరని జాకెట్, చెవులు కప్పే టోపీ, జారని అడుగులున్న బూట్లు తప్పనిసరి. చీర కట్టుకుని వచ్చిన పెద్దావిడ ఒకరు కుచ్చిళ్ళు సర్దుకుంటూ నిచ్చెనమెట్లు ఎక్కడానికి చాలా అవస్థ పడ్డారు. సల్వారు గాని ప్యాంటు గాని మేలు. ఎండ చల్లగా అనిపించినా నీటి మీద చర్మం మాడిపోతుంది. ఫోనుతో వీడియో తీయడానికి తంటాలు పడినవారికి మిగిలింది ఊగుతున్న నీళ్ళే. ఒక బైనాక్యులర్ తెచ్చుకుని ఇంటిల్లిపాదీ మార్చుకుంటే అంతకంటే లాభం. రేవులో తిండి దాదాపు అంతా సముద్రపు ఆహారమే. రొట్టె గిన్నెలో పోసి ఇచ్చే గుల్లల సూపు, క్లామ్ చౌడర్‌ను ప్రతి దుకాణమూ రుచి చూపిస్తానని పిలుస్తుంది. శాకాహారులకు ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప పెద్దగా ఏమీ లేదు కాబట్టి కారులో పులిహోర డబ్బా ఉంచుకుని, దిగాక కడుపు కుదుటపడిన తరువాత తినడం ఉత్తమం.

ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు నాలుగు గంటలు ఎక్కువ. సగం దూరంలో నిద్రపోతారు, లేదా ఏడుస్తారు, మధ్యలో వెనక్కి తిప్పమంటే పడవ తిరగదు. అటువంటి పిల్లలున్నవారికీ, సముద్రమంటే భయపడే పెద్దవాళ్ళకూ మాస్ లాండింగ్ పక్కన ఎల్క్‌హార్న్ స్లూ అనే ఉప్పునీటి పాయలో తిరిగే చదునైన పడవలు నయం. అలలుండవు, గంటన్నరా రెండు గంటల్లో పూర్తవుతుంది, తిమింగలాలు కనిపించవు గాని ఓటర్లనూ హార్బర్ సీల్‌లనూ అఖాతంలోకంటే తీరుబడిగా చూడవచ్చు. నడవగలిగి, కారులో కళ్ళు తిరగని పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో మాత్రం, సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఒక పనిదినం ఉదయం పడవకు టికెట్ తీసుకోమనే నా సలహా. నేచురలిస్ట్ ఉన్నారో లేదో ఫోను చేసి అడగండి, ఉన్నారంటే పది డాలర్లు ఎక్కువైనా ఆ పడవే ఎక్కండి.